ఐఈపీ బల్లకు అటూ ఇటూ

అమెరికాలో వైకల్యం కారణంగా ప్రత్యేక విద్య పొందుతున్న పిల్లలు, యువకులు సుమారు 75 లక్షల మంది. ప్రభుత్వ బడుల్లో చదివే ప్రతి వందమందిలో దాదాపు 15 మంది అన్నమాట. బడి వయసు పిల్లల్లో ఇలాంటి ప్రతి ఒక్కరికీ ఐఈపీ అనే రాతపూర్వక ప్రణాళిక ఉంటుంది. ఏడాదికి కనీసం ఒకసారి తల్లిదండ్రులు, బడివాళ్లు కలిసి కూర్చుని దాన్ని సమీక్షించాలి. చట్టం ప్రకారం చూస్తే అక్కడ బేరానికి చోటే లేదు. బిడ్డకు ఏం అవసరమో తేల్చాలి, తేలినది ఇవ్వాలి. వారానికి గంట స్పీచ్ థెరపీ అవసరమైన పిల్లవాడికి అరగంటతో మొదలుపెట్టి, వాదించాక ముప్పావుగంట దగ్గర కుదుర్చుకోవడం చట్టం ఊహించిన పద్ధతి కాదు. కానీ చాలాచోట్ల జరిగేది అదే. అందుకే తల్లిదండ్రులకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం బేరమాడే నేర్పు గురించే ఉంటుంది: మర్యాద తప్పకండి, మెత్తబడకండి, అడ్వకేట్‌ను వెంట తీసుకెళ్లండి, బిడ్డ ఫొటో బల్ల మీద పెట్టండి. ఆ సలహాల్లో తప్పేమీ లేదు. ఒక హక్కు బేరంగా ఎందుకు మారిందన్న ప్రశ్న మాత్రం వాటిలో కనిపించదు. నేను చూసినంతలో కారణం ఇది: చట్టం హక్కును బిడ్డకిచ్చి దాని కాపలాను తల్లిదండ్రులకు అప్పగించింది. ఆ తర్వాత వచ్చిన కోర్టు తీర్పులు కాపలాకయ్యే ఖర్చునూ, నిరూపించాల్సిన భారాన్నీ కూడా వాళ్ల మీదికే నెట్టాయి. తల్లిదండ్రుల మాటకారితనాన్ని ఎంత పెంచినా ఈ ఏర్పాటులోని లోపం తీరదు.

కాపలా తల్లిదండ్రుల చేతికి రావడానికి బలమైన చరిత్ర ఉంది. 1970 నాటికి అమెరికా బడులు వైకల్యం ఉన్న ప్రతి ఐదుగురిలో ఒక్కరికి మాత్రమే చదువు చెబుతున్నాయి. బడి గడప తొక్కనివ్వని పిల్లలు పది లక్షలకు పైగా ఉన్నారని కాంగ్రెసే తర్వాత లెక్కగట్టింది. పెన్సిల్వేనియాలో మేధోవైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి కోర్టుకెక్కారు. వాషింగ్టన్ నగరంలో అలాంటిదే మిల్స్ కేసు నడిచింది. 1972 నాటికి ఈ రెండు వ్యాజ్యాలూ పిల్లల పక్షాన తేలాయి. వాటి దన్నుతోనే 1975 నవంబర్ 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో చట్టం వచ్చింది. 1990లో దానికి ఐడియా అనే ఇప్పటి పేరు పెట్టారు. బడులే పిల్లల్ని బయట నిలబెట్టాయి కాబట్టి బడుల మంచితనానికి వదిలేయడం కుదరదని చట్టం రాసినవాళ్లకు తెలుసు. అందుకే తల్లిదండ్రుల అనుమతి లేకుండా మొదటి ఎవాల్యుయేషన్ చేయకూడదన్నారు, వాళ్లు లేకుండా ప్రణాళిక రాయకూడదన్నారు, ఒప్పుకోకపోతే డ్యూ ప్రాసెస్ అనే విచారణ కోరవచ్చన్నారు. కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలను చూస్తుంది, రాష్ట్రాలు బడులను నడిపే స్థానిక డిస్ట్రిక్టులను చూస్తాయి. ఫలానా పిల్లవాడి ఐఈపీలో రాసింది జరుగుతోందా లేదా అని రోజూ చూసే అధికారి మాత్రం ఎవరూ లేరు. ఆ ఉద్యోగం అమ్మానాన్నలదే, జీతం లేకుండా.

ఆ సమావేశంలో ఎవరెవరుంటారో గమనిస్తే తూకం ఎటు మొగ్గుతుందో అర్థమవుతుంది. క్లాస్ టీచరు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు, స్కూల్ సైకాలజిస్టు, థెరపిస్టులు, డిస్ట్రిక్ట్ తరఫున నిధులకు మాట ఇవ్వగల అధికారి ఒకవైపు. వాళ్లకిది ఆ వారంలో జరిగే చాలా సమావేశాల్లో ఒకటి. పరీక్ష ఫలితాలు వాళ్ల దగ్గరుంటాయి, ఏ సర్వీసుకు ఎంత ఖర్చో వాళ్లకు తెలుసు, పక్క బడిలో ఇలాంటి పిల్లవాడికి ఏమిచ్చారో కూడా తెలుసు. తల్లిదండ్రులకు తెలిసింది ఒక్క బిడ్డ గురించి. చాలా సందర్భాల్లో బడివాళ్లు చెడ్డవాళ్లు కారు. టీచరుకు వ్యక్తిగతంగా ఇవ్వాలనే ఉంటుంది, పైనుంచి వద్దని సైగ వస్తుంది. టెనెస్సీలోని హ్యామిల్టన్ కౌంటీ కేసు ఈ సైగను బయటపెట్టింది. ఆటిజం ఉన్న బాలుడికి ఏబీఏ అనే ప్రవర్తన ఆధారిత థెరపీ ఇవ్వాలని తల్లిదండ్రులు అడిగారు. డిస్ట్రిక్ట్ అప్పటికే వేరే పద్ధతి మీద పెట్టుబడి పెట్టుకుంది. ఎవరు అడిగినా ఏబీఏ ఇవ్వకూడదన్న రాయని విధానం అక్కడ నడుస్తోందని 2004లో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. నిర్ణయం ముందే జరిగిపోయాక తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడించడం భాగస్వామ్యం కిందికి రాదని, అది చట్టాన్ని ఉల్లంఘించడమేనని చెప్పింది. న్యాయం దొరికింది నిజమే. కానీ రాయని విధానాన్ని నిరూపించే సాక్ష్యం ఎంతమంది తల్లిదండ్రులు సంపాదించగలరు?

ఏది చాలినంత సాయం అన్న ప్రశ్న మీద సుప్రీంకోర్టు 35 ఏళ్లు మెల్లగా నడిచింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎమీ రౌలీ అనే వినికిడి లోపం ఉన్న బాలిక తరగతిలో అన్న మాటల్లో 59 శాతం మాత్రమే పట్టుకోగలుగుతోందని కింది కోర్టు తేల్చింది. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావాలని తల్లిదండ్రులు అడిగారు. పిల్ల చురుకైనది, మిగిలిన మాటలను ఊహించుకుంటూ పై తరగతులకు వెళ్లిపోతోంది. అందుకే 1982లో సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదంది. కొంత ప్రయోజనం చేకూరితే చట్టం తృప్తిపడుతుందన్నట్టు ఆ తీర్పును కొన్ని కోర్టులు చదువుకున్నాయి. కొలరాడోలోని డగ్లస్ కౌంటీలో ఎండ్రూ అనే ఆటిజం ఉన్న బాలుడికి ఏటేటా దాదాపు అవే లక్ష్యాలను తిరిగి రాశారు. తల్లిదండ్రులు 2010లో ప్రైవేటు బడికి మార్చి ఫీజు తిరిగి ఇవ్వమన్నారు. ఏ కొంచెం ప్రయోజనమున్నా చాలన్న వాదనను 2017లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తోసిపుచ్చింది: పిల్లవాడి పరిస్థితికి తగిన పురోగతి సాధించేలా ప్రణాళిక ఉండాలి. గొప్ప తీర్పే. అయితే ఆ కుటుంబానికి ఫలితం దక్కేసరికి ఎనిమిదేళ్లు పట్టింది. అయిదో తరగతి పిల్లవాడికి ఎనిమిదేళ్లంటే బడి జీవితంలో మిగిలినదంతా.

ప్రమాణం పెరిగింది సరే, దాన్ని అమలు చేయించే దారి ఇరుకైంది. ఐఈపీ సరిపోదని తల్లిదండ్రులు విచారణ కోరితే, సరిపోదని వాళ్లే నిరూపించాలని 2005లో షాఫర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ కేసు. మరుసటి ఏడాది ఆర్లింగ్టన్ కేసులో, గెలిచినా సరే నిపుణులకు చెల్లించిన ఫీజులు డిస్ట్రిక్ట్ నుంచి రాబట్టుకోలేరని తేల్చింది. ఈ రెండు తీర్పులూ విడివిడిగా చదివితే న్యాయశాస్త్ర చర్చల్లా కనిపిస్తాయి, కలిపి చదివితేనే దెబ్బ తెలుస్తుంది. నిరూపణకు నిపుణులు కావాలి. నిపుణులకు డబ్బు కావాలి. ఆ డబ్బు తిరిగి రాదు. డిస్ట్రిక్ట్ సైకాలజిస్టులు మాత్రం జీతం మీదే వచ్చి సాక్ష్యం చెబుతారు. 2007లో వింకిల్‌మన్ కేసులో తల్లిదండ్రులు లాయరు లేకుండానే ఫెడరల్ కోర్టులో వాదించుకోవచ్చని చెప్పడం ఊరటే. కానీ లాయరు లేకుండా వాదించడమంటే ఏమిటో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ అయిదు రాష్ట్రాల్లో పరిశీలించి, బాగా సంపన్నమైన డిస్ట్రిక్టుల్లోనే ఇలాంటి వివాదాలు ఎక్కువగా నమోదవుతున్నాయని గుర్తించింది. లాయరు ఖర్చు, పనికి సెలవు పెట్టడం, బిడ్డ మీద కక్ష తీర్చుకుంటారేమోనన్న భయం పేద కుటుంబాలను ఆపుతున్నాయని ఆ నివేదిక చెబుతుంది. పేద డిస్ట్రిక్టుల్లో ఐఈపీలు అంత బాగున్నాయని ఎవరూ అనుకోరు. అక్కడ కాపలాదారుకు కాపలా కాసే స్తోమత లేదు, అంతే.

కాపలా లేనిచోట ఏమవుతుందో టెక్సాస్ చూపించింది. ఈ మొత్తం ప్రశ్నలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడదు. 2004లో ఆ రాష్ట్ర విద్యా సంస్థ డిస్ట్రిక్టుల పనితీరుకు కొత్త కొలమానం పెట్టింది: మొత్తం విద్యార్థుల్లో 8.5 శాతానికి మించి ప్రత్యేక విద్యలో ఉంటే డిస్ట్రిక్ట్ మార్కులు తగ్గుతాయి. దేశ సగటు అప్పుడు 13 శాతం చుట్టూ ఉంది. 8.5 అన్న అంకె వెనక ఏ పరిశోధనా లేదు. పిల్లలకు సర్వీసులు నిరాకరించమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ రాలేదు. ఎవాల్యుయేషన్ అడిగిన తల్లిదండ్రులకు ముందు తరగతిలోనే అదనపు సాయం చేసి చూద్దామని చెప్పారు, ఐఈపీకి బదులు 1973 నాటి పునరావాస చట్టంలోని 504 సెక్షన్ కింద చిన్న సర్దుబాట్లు ఇచ్చారు, డిస్లెక్సియా ఉన్నవాళ్లను వేరే కార్యక్రమానికి పంపారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక వరస కథనాలతో బయటపెట్టేదాకా పన్నెండేళ్లు ఇది నడిచింది. అప్పటికి రాష్ట్ర శాతం కచ్చితంగా ఆ 8.5 దగ్గరికే దిగి వచ్చింది, దేశంలోకెల్లా తక్కువ. 2017లో శాసనసభ ఇలాంటి పరిమితులను నిషేధించింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, టెక్సాస్ ఐడియా చట్టాన్ని ఉల్లంఘించిందని ప్రకటించింది. పరిమితి ఎత్తేశాక కొన్నేళ్లకే శాతం 12 దాటింది. ఆ తేడాలో ఉన్నది వేల కొద్దీ పిల్లలు, ఒక్కొక్కరి వెనక ఒక్కో సమావేశం, ఒక్కో సంతకం. ఆ తల్లిదండ్రుల్లో ప్రతి ఒక్కరూ అది తమ బిడ్డ ఒక్కడి సంగతేననుకున్నారు. బేరం ఎంత బాగా ఆడినా వాళ్లకు కనిపించని అంకె ఒకటి ఎదురుగా కూర్చుని ఉంది.

ఆ పన్నెండేళ్లలోనే డాలస్, హ్యూస్టన్ శివార్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. మనవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవలసింది ఇందుకే. టీచరును ఎదురు ప్రశ్నించడం అమర్యాద అనుకునే పెంపకం, ప్రభుత్వ బడి ఏదిచ్చినా దయగా భావించే అలవాటు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనన్న బెరుకు, వీటన్నిటితో పాటు వీసా భయం. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లు డిస్ట్రిక్ట్‌తో గొడవపడితే గ్రీన్‌కార్డుకు ఇబ్బంది వస్తుందేమోనని వెనకాడతారు. ఆ భయానికి చట్టంలో ఆధారం లేదు. ఇమిగ్రేషన్ హోదాను బట్టి పిల్లలకు ప్రభుత్వ బడి నిరాకరించకూడదని 1982లోనే ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఐడియా హక్కులకు పౌరసత్వం షరతు కాదు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడండన్న సలహా మరో సమస్య. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష దెబ్బతింటుందని పరిశోధనలు చూపలేదు. పైగా సాధ్యమైనంతవరకు పిల్లవాడికి బాగా వచ్చిన భాషలోనే పరీక్షించాలని, ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులకు సమావేశంలో దుబాసీని ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మన ఇంజనీర్లకు ఇంగ్లిష్ వచ్చు కాబట్టి దుబాసీ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఆఫీసు ఇంగ్లిష్ వేరు, సైకాలజిస్టు రిపోర్టులోని ఇంగ్లిష్ వేరు. పైగా ఇంట్లో బిడ్డను ఎక్కువగా చూసుకునే అమ్మమ్మ గమనించినవి ఆ బల్ల దాకా చేరవు.

మార్కుల మీద మనకున్న నమ్మకం ఇంకో అపాయం. మిషిగన్‌లోని స్టర్జిస్ డిస్ట్రిక్టులో చదివిన పెరెజ్ అనే వినికిడి లేని విద్యార్థి మెక్సికో నుంచి వలస వచ్చిన కుటుంబంవాడు. సైన్ లాంగ్వేజ్ సరిగా రాని సహాయకులతో ఏళ్ల తరబడి గడిపాడు. మంచి గ్రేడ్లు వేసి పై తరగతులకు పంపుతుంటే తల్లిదండ్రులు అంతా బాగుందనుకున్నారు. పట్టా చేతికొస్తుందనుకున్న సమయంలో, డిప్లొమా రాదు, పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ మాత్రం ఇస్తామన్నారు. ఐడియా విచారణలో రాజీపడ్డాక కూడా వైకల్య వివక్ష చట్టం కింద నష్టపరిహారం కోరవచ్చని 2023లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతని పక్షాన చెప్పింది. గ్రేడు అంటే బడి తన పనికి తానే వేసుకునే మార్కు కూడా. ఐఈపీలో చూడవలసింది దాన్ని కాదు, పోయిన ఏడాది ఏ లక్ష్యం రాశారు, ఏ కొలతతో కొలిచారు, ఎక్కడికి చేరాడు అన్నది.

ఇక అభ్యంతరాలు. మొదటిది డబ్బు. డిస్ట్రిక్టుల దగ్గర లేదు, ఒక పిల్లవాడికి ఎక్కువిస్తే ఇంకొకరికి తగ్గుతుంది అంటారు. ఇందులో నిజం ఉంది. 1975లో కాంగ్రెస్, ప్రత్యేక విద్యకయ్యే అదనపు ఖర్చు లెక్కలో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందని ఆశ పెట్టింది. ఇప్పటికీ ఇస్తున్నది 15 శాతానికి లోపే. కేంద్రం ఇవ్వగలిగినదాని కంటే ఎక్కువ వాగ్దానం చట్టం చేస్తోందని సంతకం సందర్భంగా ఇచ్చిన ప్రకటనలోనే ఫోర్డ్ అన్నాడు. అయినా ఈ అభ్యంతరానికి జవాబు చట్టం పుట్టకముందే మిల్స్ తీర్పులో ఉంది: నిధులు చాలకపోతే ఆ కొరతను అందరూ పంచుకోవాలి, వైకల్యం ఉన్న పిల్లల మీదే ఎక్కువ భారం వేయకూడదు. కొరత ఉందని బహిరంగంగా చెప్పి శాసనసభను అడగడం ఒక పద్ధతి. కొరతను దాచి, మీ అబ్బాయికి అవసరం లేదని తల్లికి చెప్పడం ఇంకొకటి. టెక్సాస్ చేసింది రెండోది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పోరాటం డబ్బున్నవాళ్లకే పనికొస్తుంటే, తల్లిదండ్రులకు మరింత బలం ఇవ్వడం ఆ అసమానతను పెంచదా అని. న్యూయార్క్ నగరాన్ని చూపిస్తారు. ప్రభుత్వ బడి తగిన చదువు ఇవ్వకపోతే ప్రైవేటు బడి ఫీజు తిరిగి రాబట్టుకోవచ్చని 1985 బర్లింగ్టన్, 1993 కార్టర్ తీర్పులు చెప్పాయి. దేశంలో దాఖలయ్యే డ్యూ ప్రాసెస్ ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఆ నగరానిదే, ఫీజుల కింద ఏటా వందల మిలియన్ల డాలర్లు పోతున్నాయి. ముందుగా ఫీజు కట్టగలవాళ్లే ఆ దారిన వెళ్లగలరు. ఇది నిజమైన అన్యాయమే, కాదనను. అయితే ఆ ఖర్చు ఎందుకు పుట్టిందో కూడా చూడాలి. ప్రభుత్వ బడుల్లో సర్వీసులు సకాలంలో అందితే ఆ కేసులు గెలిచేవి కావు. ధనవంతులు వాడుకుంటున్న తలుపును మూసేస్తే పేదవాడికి కొత్త తలుపు తెరుచుకోదు. ఉచితంగా వెళ్లగలిగే దారులను వెడల్పు చేయాలి. రాష్ట్ర విద్యాశాఖకు చేసే ఫిర్యాదు అలాంటిది: లాయరు అక్కర్లేదు, 60 రోజుల్లో తేల్చాలి, నిరూపించే పని తల్లిదండ్రుల మీద కాక విచారించే రాష్ట్రం మీద ఉంటుంది. డిస్ట్రిక్ట్ ఎవాల్యుయేషన్‌తో ఏకీభవించకపోతే బయటి నిపుణుడితో డిస్ట్రిక్ట్ ఖర్చు మీదే మళ్లీ చేయించమని అడిగే హక్కు మరొకటి. అడిగాక డిస్ట్రిక్ట్ ఊరుకోకూడదు, డబ్బైనా ఇవ్వాలి, తన ఎవాల్యుయేషన్ సరైనదేనని విచారణలోనైనా నిరూపించుకోవాలి. ఇక్కడ మాత్రం భారం తిరగబడుతుంది. ఇంత విలువైన హక్కు గురించి చాలా మంది తల్లిదండ్రులకు తెలియకపోవడం యాదృచ్ఛికం అనుకోను.

ఇంకొందరు, ఈ కాగితాలు, హక్కులు అంటూ మొదలుపెడితే టీచర్లతో సంబంధం చెడుతుందని, రోజూ బిడ్డను చూసుకోవాల్సింది వాళ్లేనని అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ల కొరత దేశమంతా ఉంది, ఉన్నవాళ్లు కాగితాల బరువు కిందే నలుగుతున్నారు. కానీ కాగితం టీచరుకు వ్యతిరేకం కాదు. తల్లిదండ్రులు కోరింది డిస్ట్రిక్ట్ కాదంటే, ఎందుకు కాదన్నదో, ఏ ఆధారంతో కాదన్నదో, ఇంకేం పరిశీలించిందో రాతపూర్వకంగా తెలపాలని చట్టం చెబుతోంది. గదిలో నోటితో చెప్పిన ‘మా దగ్గర అలా ఇవ్వం’ అన్న మాట ఈ నోటీసులోకి ఎక్కదు, ఎక్కితే అది హ్యామిల్టన్ కౌంటీ కేసు అవుతుంది. పైనుంచి వచ్చిన సైగను బయటికి లాగేది ఇదే, మనసులో ఇవ్వాలని ఉన్న టీచరుకు ఇది రక్షణ కూడా. స్నేహంగా మాట్లాడి, మాట్లాడినదంతా ఆ సాయంత్రం ఈమెయిల్‌లో పెట్టడంలో వైరుధ్యం లేదు.

ఇవన్నీ చేసినా నిరూపణ భారం అక్కడే ఉంటుంది. షాఫర్ తీర్పు దాన్ని మార్చుకునే వీలు రాష్ట్రాలకు ఉందా లేదా అన్నది తేల్చలేదు, కొన్ని రాష్ట్రాలు మార్చుకున్నాయి. న్యూయార్క్ 2007లో, న్యూజెర్సీ 2008లో ఆ భారాన్ని డిస్ట్రిక్టుల మీదికి తిప్పుతూ చట్టాలు చేశాయి. సమాచారం, నిపుణులు ఎవరి దగ్గరుంటే నిరూపించాల్సింది వాళ్లే అన్న సాదా తర్కం అది. టెక్సాస్‌లో ఇప్పటికీ భారం విచారణ కోరినవాళ్లదే. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఉద్యోగం మారి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చే తెలుగు కుటుంబం వెంట పాత ఐఈపీ వస్తుంది, కొత్త డిస్ట్రిక్ట్ సొంత ఎవాల్యుయేషన్ చేసుకునేదాకా దానికి సమానమైన సర్వీసులు ఇవ్వాలి. ఆ తర్వాత వివాదం వస్తే, పాత ఊళ్లో డిస్ట్రిక్ట్ మోసిన భారం ఇక్కడ ఆ తల్లిదండ్రులు మోయాలి. బిడ్డ అదే, వైకల్యం అదే, కేంద్ర చట్టం అదే. 2025 మార్చిలో కేంద్ర విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించి, పౌరహక్కుల కార్యాలయపు 12 ప్రాంతీయ శాఖల్లో ఏడింటిని మూసేశారు. టెక్సాస్‌ను 2018లో తప్పుపట్టింది ఆ విద్యాశాఖే. పైనుంచి చూసే కన్ను ఇలా బలహీనపడుతుంటే, భారాన్ని తిప్పే పని రాష్ట్ర శాసనసభలదే అవుతుంది. న్యూజెర్సీలో ఆ చట్టం వచ్చి పదిహేడేళ్లు దాటింది. దానివల్ల అక్కడి బడులు మూతపడలేదు.